ఆగని బస్సుల ఊళ్లో ఒక వాదన

కార్తీక సోమవారాల్లో నంద్యాల నుంచి శ్రీశైలం పోయే బస్సుల్లో నిలబడడానికి కూడా చోటు దొరకదు. బండి ఆత్మకూరు, వెలుగోడు, ఆత్మకూరు, దోర్నాల దాటి అవి కొండెక్కుతాయి. బండి ఆత్మకూరులో నలుగురు దిగుతారు, ఇద్దరు ఎక్కుతారు, కండక్టరు విజిల్ వేస్తాడు, బస్సు కదులుతుంది. శాసనసభ లెక్కల్లో ఈ మండలం శ్రీశైలం నియోజకవర్గంలోనే ఉంది. అయినా శ్రీశైలం పోయేవాళ్లెవరికీ ఇక్కడ ఆగే పని లేదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోనూ రెండు ఆత్మకూర్లు ఉన్నాయి. దూరప్రాంతం వాళ్లకు ఆత్మకూరంటే వెలుగోడు అవతలున్న పెద్దదే.

బస్టాండు ఎదుట టీ అంగడి దగ్గర ఈ కార్తీకంలో మామా అల్లుళ్ల మధ్య ఒక వాదన నడిచింది. మామ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరైనాయన. ఊళ్లో అందరికీ మాస్టారే. అల్లుడు ఆయన చెల్లెలి కొడుకు. అమెరికాలో షార్లట్ నగరంలో కొన్నేళ్లు కంప్యూటర్ ఉద్యోగం చేసి వచ్చాడు. కడమలకాల్వ దారిలో మామకు మాగాణి చెక్క ఒకటి ఉంది. దాంట్లో నాలుగు గదులు వేసి యాత్రికులకు అద్దెకివ్వాలన్నది అల్లుడి ఆలోచన. మామకు ఆ మాట గిట్టలేదు. పొలం సంగతిగా మొదలైన మాట ఊరి చరిత్ర దాకా, అక్కణ్నుంచి నల్లమల దాకా పోయింది.

"మామా, షార్లట్‌కు మూడు గంటల దారిలో డమాస్కస్ అని ఒక ఊరుండాది" అని మొదలుపెట్టాడు అల్లుడు. "వర్జీనియా రాష్ట్రం. అపలాచియన్ కొండల పాదాన. ఊరి జనం వెయ్యిమంది కూడా లేరు. మన వీధంత ఊరు. జార్జియా నుంచి మెయిన్ దాకా మూడున్నర వేల కిలోమీటర్ల కాలిబాట ఆ ఊరి నడివీధిలో నుంచే పోతాది. దాని పక్కనే పాత రైలుదారి. 1977లో ఆఖరి రైలు పోయింది. పట్టాలు పీకేసి దాన్ని సైకిళ్లకు, నడిచేవాళ్లకు బాటగా మార్చినారు. యాభై నాలుగు కిలోమీటర్లు. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు, పైన కొండ మీద దించే వ్యాన్లు, చిన్న చిన్న వసతి ఇళ్లు, ఆ ఊరంతా దాని మీదనే బతుకుతాది. 1987 నుంచి ఏటా మే నెలలో పండగ కూడా చేస్తారు. మనకు నల్లమల లేదా? రైలుదారి లేదా? నడిచేవాళ్లు లేరా?"

"నడిచేవాళ్లు వాళ్లకంటే ముందు నుంచీ మనకున్నారు లేరా" అన్నాడు మామ. "ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి అహోబిలం, మహానంది చూసుకొని శ్రీశైలం పోయినాడు. ఈ కొండ పాదం వెంబడే పోయింటాడు. దానికెవరూ పండగ చెయ్యలేదు. చెయ్యాల్సిన పని లేదు కూడా. ఓంకారం గుడికి పోయి కూర్చో. సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుంటే అన్నం పెడతారు. నీ ఊరేది, కులమేది అని అడగరు. డబ్బు అడగరు. అవధూత కాశినాయన ఈ నల్లమల అంచున పాడుబడిన గుళ్లు ఎన్ని బాగుచేయించినాడో, యాడ యాడ పొయ్యి వెలిగించినాడో నీకు తెలుసునా? అంతకు ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఈ సీమలో వచ్చినోనికి అన్నం పెడతారు. నువ్వేమో వచ్చినోనికి బిల్లు ఇస్తానంటావు."

అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. అల్లుడూ నవ్వాడు గానీ తగ్గలేదు.

"అన్నం పెడతారు మామా, ఒప్పుకుంటా. తిన్నాక చెయ్యి కడుక్కోను, ఆడోళ్లు పక్కకు పోను చోటుందా అని అడుగుతుండా. నవనందుల సంగతే తీసుకో. నంద్యాలలో ప్రథమనంది, నాగనంది, సోమనంది. ఊరు దాటితే సూర్యనంది, మన కడమలకాల్వ దగ్గర శివనంది, తెలుగుగంగ కాలువ దగ్గర విష్ణునంది. మహానందిలో మహానందితో పాటు గరుడనంది, వినాయకనంది. కార్తీకంలో పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేలోపల తొమ్మిదీ చూడాలంటారు. జనం ఏం చేస్తుండారు? కారు దిగడం, దండం పెట్టడం, మళ్లీ కారెక్కడం. శివనందిలో పది నిమిషాలు కూడా ఉండరు. ఆ పది నిమిషాల్ని అరపూట చేస్తే చాలు. దారిలో ఒక బోర్డు, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, చెప్పే మనిషి ఒకడు. ఇదేమన్నా గొంతెమ్మ కోరికనా?"

ఈ చివరి మాటకు మాస్టారి దగ్గర జవాబు లేదు. ఉండే అవకాశమూ లేదు. ఈ ప్రాంతంలో చూడదగినవి లేక జనం ఆగకపోవడం కాదు. మహానంది కోనేట్లో ఐదడుగుల నీళ్లలో అడుగున పడిన గుండుసూది కూడా కనబడుతుంది. కొండ ఊట ఎడతెగకుండా వస్తూ, కోనేటి మట్టం మారకుండా బయటికి పోయి, అరటి తోటలను, వరి మడులను తడుపుతుంది. పిల్లల్ని ఆ నీళ్లలోంచి బయటికి రప్పించడం తల్లులకు పెద్ద పని. ఈత కొలనుకు టికెట్టు కొనే కాలంలో గుడి ముందరే ఇట్లాంటి జలకాలాట దొరుకుతోంది. ఉత్తరంగా పోతే వెలుగోడు జలాశయం, దాదాపు పదిహేడు టీఎంసీల నీళ్లు, వెనక నల్లమల గోడ. సాయంత్రం పూట కట్ట మీద నిలబడితే ఏ హిల్ స్టేషనూ గుర్తుకు రాదు. అయినా నంద్యాలలో లాడ్జి తీసుకున్నవాడికి ఈ రెంటి మధ్య బండి ఆత్మకూరు అనే ఊరుందని చెప్పేవాళ్లు లేరు.

అల్లుడు ఊపందుకున్నాడు. "బెలుం గుహలు చూడు. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొర వాటి గురించి రాసినాడు. తర్వాత వందేండ్లు ఎవరికి పట్టింది? 1982, 83లో జర్మనీ నుంచి గెబాయర్ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. మూడు వేల రెండు వందల మీటర్లకు పైన పొడుగు. అయినా ఊళ్లో చెత్త పోసుకోను వాడుకున్నారంట దాన్ని. టూరిజం వాళ్లు దీపాలు పెట్టి 2002లో తెరిచినాక కదా గుహ బతికింది. జనం చూడని చోటును ఎవరూ కాపాడరు మామా."

"బెలుం రాయి. రాయి హారన్‌కు బెదరదు" అన్నాడు మామ. "మన తూర్పున ఉండేది పులుల అడవి. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు ఊళ్లోకే వచ్చి పడినాయి. తల్లితో కలపాలని అటవీశాఖోళ్లు రాత్రింబగళ్లు అడవిలో తిరిగినారు. కుదరలేదు. తిరుపతి జూకు తోలినారు. ఆ మరుసటేడు జూన్‌లో పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన ఆడమనిషిని చిరుత చంపేసింది. మహానంది గుడి చుట్టుపక్కల అదే కాలంలో చిరుత తిరుగుతుంటే జనం రాత్రిపూట బయటికి రాను భయపడినారు. నువ్వు కడమలకాల్వ దారిలో గదులు వేస్తావు. రాత్రి పది దాటినాక పాటలు పెడతారు, ఎముకలు బయట పారేస్తారు. ఎముకలకు కుక్కలొస్తాయి. కుక్కల కోసం ఏమొస్తాదో చెప్పు."

చిరుతకు ఊరకుక్క సులువైన తిండి. అడవి అంచు ఊళ్లలో ఇది పిల్లలకు కూడా తెలిసిన సంగతి. అటవీశాఖ పచ్చర్ల దగ్గర, బైర్లూటి దగ్గర నడిపే జంగిల్ క్యాంపులు ఉన్నాయి కదా అని ఎవరో అందించారు. "అవి అటవీశాఖ లెక్కలో, గేటు లోపల ఉండేవి. ఎన్ని జీపులు పోవాలో, ఏ పొద్దుకు రావాలో వాళ్లు చెప్తారు. అల్లుడి గదులకు గేటేది?" అని మాస్టారు తిరగబడ్డాడు. అల్లుడు దీనికి కాసేపు టీ తాగుతూ ఉండిపోయాడు.

మాస్టారు అంతటితో వదల్లేదు. ఆయన కూతురు అట్లాంటాలో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు టెనెసీలో గాట్లిన్‌బర్గ్ చూసి వచ్చాడు. "నీ డమాస్కస్ కథ చెప్పినావు. నేను గాట్లిన్‌బర్గ్ చెప్తా. అదీ ఆ కొండల పాదాన చిన్న ఊరే. నాలుగు వేల జనం. పక్కనున్న నేషనల్ పార్కుకు ఏడాదికి కోటి మందికి పైన వస్తారు. వీధి పొడుగునా మైనపు బొమ్మలు, మిఠాయి అంగళ్లు, రోప్‌వేలు. కొండ చూడాలంటే అంగళ్ల మధ్య సందులో నుంచి చూడాల. 2016 నవంబరులో అడవికి నిప్పంటుకొని ఊళ్లోకి వచ్చింది. పద్నాలుగు మంది చచ్చిపోయినారు, రెండు వేల పైచిలుకు కట్టడాలు కాలినాయి. సరే, అది ప్రమాదం అనుకుందాం. ఆ పార్కు ఎట్లా వచ్చిందో తెలుసునా? అక్కడ కొండల్లో సేద్యం చేసుకునే సంసారాల దగ్గర భూములు కొన్నారు. అమ్మనోళ్లను కోర్టులకు లాగినారు. కేడ్స్ కోవ్ అని ఒక లోయ. ఇప్పుడు ఆ లోయలో మనుషుల్లేరు, వాళ్ల చెక్క ఇండ్లు ఉండాయి. వాటి ముందర నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నేనూ తీసుకున్నా. చెంచుగూడేనికి ఆ గతి పట్టాలనా?"

ఇది మాస్టారి వాదనలో గట్టి ముక్క. అల్లుడి జవాబు కూడా అంతే గట్టిగా ఉంది.

"చెంచుల మాట నువ్వు ఎత్తినావు కాబట్టి చెప్తా. పూర్వం శ్రీశైలం యాత్రికులకు అడవిదారిలో కాపలా కాసింది ఎవరు? చెంచులే కదా. దానికి రుసుం తీసుకున్నారు. అది వాళ్ల హక్కు. అడవిని చూపించి బతకడం వాళ్లకు కొత్త పనా? మధ్యలో రోడ్డు వచ్చింది, బస్సు వచ్చింది, ఆ హక్కు పోయింది. చెంచు పిల్లోడు దారి చూపిస్తే, ఈ చెట్టుకు ఏం తేనె పడతాదో, ఈ అడుగు ఏ జంతువుదో చెప్తే, వినేదానికి నేను డబ్బు ఇస్తా. నాలాంటోళ్లు హైదరాబాదులో వేలమంది ఉండారు. కేడ్స్ కోవ్‌లో మనుషుల్ని తీసేసి ఇండ్లు చూపించినారు. నేను చెప్పేది మనుషులు ఉండగా, వాళ్ల నోటితో వినడం."

మాస్టారు తల ఊపాడు. ఒప్పుకున్నట్టా, ఇంకో మాట వెతుకుతున్నట్టా అనేది తెలియలేదు. వెతుకుతున్నట్టే. "వీరాస్వామయ్య పుస్తకం నువ్వు చదివినావా? చదివుంటే ఇంకోటి కూడా కనపడేది. అప్పుడు ఈ నేల కందనూరు, అంటే కర్నూలు, నవాబు కింద ఉండేది. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తారు, గుడికి మాత్రం మరమ్మతు చెయ్యరు అని ఆయన బాధపడినాడు. రెండు వందల ఏండ్ల కిందటి మాట. వసూలు చేసే చెయ్యి ఒకటి, కష్టపడే చెయ్యి ఇంకోటి. నువ్వు రుసుం పెట్టు. చెంచోని చేతికి ఎంత వస్తాదో, మధ్యలో ఎవడు తీసుకుంటాడో కాగితం మీద రాసి చూపించు. అప్పుడు మాట్లాడతా."

ఇక్కడ మాట పాత రైలుదారి మీదికి మళ్లింది. ఇద్దరి గొంతూ ఒక్కసారిగా మెత్తబడింది కూడా ఇక్కడే. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే మీటరుగేజీ లైను 1880వ దశకంలో నల్లమలను కోసుకుంటూ వేశారు. గిద్దలూరు వైపు దిగువమెట్ట, నంద్యాల వైపు గాజులపల్లె. నడుమ బొగద సొరంగం, చలమ స్టేషను, లోయ మీద దొరబావి వంతెన. 1990వ దశకంలో లైను బ్రాడ్‌గేజీగా మారినప్పుడు కొత్త సొరంగం తవ్వి దారి మార్చారు. పాతది అడవికి వదిలేశారు. మాస్టారు ఆ మీటరుగేజీ బండిలో పెళ్లికి పోయాడు, పరీక్షలకు పోయాడు. వంతెన మీదికి రాగానే బండి నెమ్మదించేదట, పెట్టెలో పిల్లలంతా కిటికీల దగ్గరికి ఎగబడేవారట, ఆడవాళ్లు లోయలోకి చిల్లర విసిరి దండం పెట్టుకునేవారట. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు లోయ ఆకారం గీస్తూనే ఉన్నాయి.

"చూడు మామా, ఇంతకంటే ఏం కావాల? ఆ దారినే బాటగా చేస్తే..."

"చెయ్యకూడదు." మాస్టారు వెంటనే మళ్లీ మాస్టారయ్యాడు. "ఆ దారి అడవి లోపల ఉండాది. మనిషి వదిలేసినాక జంతువుల పాలైంది. దాన్ని మళ్లీ గుంజుకోవాల్సిన పనేముంది? ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నీ డమాస్కస్ ఇప్పుడెట్లుండాది?"

అల్లుడు నిజమే చెప్పాడు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చి, డమాస్కస్ నుంచి పైకి, కొండ మీది వైట్‌టాప్ దాకా పోయే సగం బాటను వరద ఊడ్చుకుపోయింది. వంతెనలు కొట్టుకుపోయాయి. సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లకు ఎక్కువ రాబడి ఆ పైసగం మీదే. ఒక్క దెబ్బతో అది ఆగిపోయింది.

"ఒక్క బాట మీద ఊరంతా బతికితే అట్లనే ఉంటాది" అన్నాడు మామ, గెలిచిన స్వరంతో కాదు. "మన ఊరు నీళ్ల మీద బతుకుతాది. 1860లలో మద్రాసు కంపెనీ వాళ్లు తవ్విన కర్నూలు-కడప కాలువ, అదే కేసీ కాలువ, ఈ నంద్యాల సీమను వరి సీమ చేసింది. కంపెనీ నష్టపోయింది, 1882లో సర్కారు కొనుక్కుంది, కాలువ మాత్రం పారుతానే ఉండాది. తర్వాత తెలుగుగంగ వచ్చింది. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన నడుస్తాంది. విత్తనం మారింది, దిగుబడి పెరిగింది. ఈ చెక్కలో నేను వడ్లు పండిస్తే ఎవరు వచ్చినా రాకపోయినా తింటారు. గదులు వేస్తే వచ్చినోడి కోసం కూర్చోవాల."

"వడ్లు పండించేది నువ్వు కాదు, కౌలుకు చేసే రైతు" అన్నాడు అల్లుడు చల్లగా. "వాని కొడుకు యాడుండాడు? హైదరాబాదులో డెలివరీ బండి తోలుతుండాడు. తెలుగుగంగ నీళ్లు మన ముందర నుంచి మద్రాసుకు పోతుండాయి. యాత్రికులు మన ముందర నుంచి శ్రీశైలం పోతుండారు. మన పిల్లోళ్లూ ఆ బస్సే ఎక్కుతుండారు. మన చరిత్రే తీసుకో. కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, తలను ముప్పై ఏండ్లు కోట గుమ్మానికి వేలాడదీసినారు. ఆయన మీద కోట్లు పెట్టి సినిమా తీసినారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. ఆ విమానం దిగినోనికి కోయిలకుంట్ల దారి చెప్పే పిల్లోడు ఒక్కడుంటే, వానికి ఆ దినం కూలి వస్తాది కదా! ఆళ్లగడ్డలో చూడు. అహోబిలం పోయే దారిలో ఉలి పట్టినోళ్లు ఉండారు. వాళ్ల రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారిలో ఉండడం కూడా ఒక ఆస్తే మామా, వాడుకుంటే."

పొద్దు వాలేదాకా వాదన సాగింది. రాజకీయాలూ వచ్చాయి. నంద్యాల నుంచి 1977లో గెలిచిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యాడు, ప్రధాని అయిన పీవీ నరసింహారావు 1991 ఉప ఎన్నికలో ఇక్కణ్నుంచే లోక్‌సభకు పోయాడు, ఇద్దరూ పోయాక ఊరికి మిగిలిందేమిటని ఒకరు అడిగారు. కాశినాయన జ్యోతిక్షేత్రంలో 2025 మార్చిలో అటవీశాఖ కట్టడాలు కూలగొట్టడం, జనం గగ్గోలు పెట్టడం, ప్రభుత్వం క్షమాపణ చెప్పి మళ్లీ కట్టిస్తామనడం వచ్చాయి. ఆ గొడవ ఎవరి వాదానికి బలమిచ్చిందో చెప్పడం కష్టం. అడవిలో అన్నదానం కూడా కట్టడమే అవుతుందని అల్లుడు, కట్టడం లేకుండా అన్నం పెట్టొచ్చని మామ.

ఇద్దరి మాటలూ తూచి చూస్తే అడవి విషయంలో మాస్టారిదే న్యాయం. దొరబావి దారిని సైకిళ్లకు తెరవడం, కొండ అంచున గదులు వేయడం ఈ కాలంలో పులికీ మనిషికీ కూడా మంచిది కాదు. ఊరి విషయంలో న్యాయం అల్లుడిది. శివనందికి బోర్డు, ఓంకారం దారిలో మరుగుదొడ్లు, నవనందులు తిరిగేవాళ్లకు ఒక పూట చరిత్ర చెప్పగల పదిమంది స్థానిక యువకులు, చెంచులకు వాళ్ల రుసుం వాళ్ల చేతికే చేరే ఏర్పాటు కావాలి. వీటిలో ఏ ఒక్కటీ ఒక్క చెట్టును కూడా కొట్టనక్కరలేని పని. గదులు కావాలంటే బస్టాండు పక్కన ఊళ్లో వేసుకోవచ్చు. మాస్టారి పొలంలో వచ్చే ఏడు కూడా వరే వేస్తారని ఆయనే చెప్పాడు. అల్లుడు ఊళ్లో పాత మిద్దె ఒకటి బేరం చేస్తున్నాడు.

ఒక్క పని మాత్రం ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు: పెద్దవాళ్ల జ్ఞాపకాలు రాసిపెట్టడం. నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ రాశాడు. ఒక తెలుగు డిప్యూటీ కలెక్టరు ఊరూరి సంగతులు కూర్చిన పుస్తకం అది. మీటరుగేజీ రైలెక్కి దొరబావి దాటినవాళ్లు, ఓంకారానికి ఎడ్లబండి మీద పోయినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు గానీ, వాళ్ల మాటల్ని ఎవరూ అట్లా కూర్చలేదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల పాఠకుల ఇళ్లలో ఆ రైలు ఫొటో ఉన్నా, పాత టికెట్టు ఉన్నా, గుడి తిరునాళ్ల కరపత్రం ఉన్నా ఇల్లు సర్దేటప్పుడు పారేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, తేదీ వేసి, ఒక నకలు మీ ఊరి బడికి గానీ గ్రంథాలయానికి గానీ ఇవ్వండి.